జావా పల్లెలో ఈ పొలం ఎవరిది?

ఇండోనేషియాలో 2021 ఫిబ్రవరి 2న అమలులోకి వచ్చిన 18/2021 నంబరు ప్రభుత్వ నిబంధన జావా పల్లెల్ని కలవరపెట్టింది. పాతకాలపు భూమి కాగితాలు ఉన్నవాళ్లు అయిదేళ్లలోగా, అంటే 2026 ఫిబ్రవరి 2లోగా, భూమిని రిజిస్టరు చేయించుకోవాలని, ఆ తర్వాత ఆ కాగితాలు హక్కుకు రుజువుగా చెల్లవని దాని 96వ అధికరణం చెప్పింది. గడువు దాటితే పొలం సర్కారుకు పోతుందన్న మాట ఊళ్లలో పాకింది. అలా పోదని అధికారులు చెబుతూ వచ్చారు. ఈ గందరగోళం ఎక్కడ పుట్టిందో తెలియాలంటే ముందు జావా పల్లెలో ఆస్తి అంటే ఏమిటో చూడాలి.

ఆస్తి అనగానే మనకు ఒక సర్వే నంబరు, ఒక పట్టా గుర్తుకొస్తాయి. అక్కడ నేల ఒకరిది, దానిమీది ఇల్లు ఇంకొకరిది, ఈ కారు పంటలో సగం మూడో మనిషిది కావచ్చు. పేరు మాత్రం చనిపోయిన తాతది ఉండొచ్చు. ఇవన్నీ ఒకే సమయంలో నిజం కావచ్చు. కలవరపడినవాళ్లు భయపడింది నేల గురించి, నిబంధన మాట్లాడింది కాగితం గురించి. అదే అసలు ముడి.

ఊరి నేల ఎన్ని రకాలు

పల్లెను 'దెసా' అంటారు. సంస్కృతం నుంచి వెళ్లిన మాట, మన 'దేశం' అదే. ఒక దెసాలో కొన్ని పాలెంలు ఉంటాయి, వాటిని 'దుసున్' అనో 'దుకుహ్' అనో పిలుస్తారు. యోగ్యకర్త ప్రాంతంలో దెసాకు బదులు 'కలురహన్' అన్న పాత పేరు మళ్లీ వచ్చింది.

వరి పండే మాగాణి 'సావహ్'. వాన మీద ఆధారపడిన మెట్ట 'తెగలాన్', అందులో కర్రపెండలం, మొక్కజొన్న, వేరుశనగ వేస్తారు. ఇంటి చుట్టూ ఉండే పెరడు 'పెకరంగన్'. పెరడు అన్నానని దాన్ని చిన్నచూపు చూడకూడదు. కొబ్బరి, అరటి, పనస, మెలింజో, బొప్పాయి, వాటి నీడలో అల్లం, పసుపు, కింద కోళ్లు, వీలుంటే ఒక చేపల గుంట, ఇవన్నీ ఒకే చోట పైనుంచి కిందికి అంతస్తులుగా పెరుగుతాయి. వరి నాలుగు నెలలకోసారి చేతికొస్తే పెరడు రోజూ ఏదో ఒకటి ఇస్తుంది. ఆ దిగుబడిని సంతకు తీసుకెళ్లి డబ్బు చేసేది ఎక్కువగా ఆడవాళ్లే. అందుకే సావహ్ లేని ఇల్లు బతకగలదు గానీ, పెరడు కూడా లేని ఇల్లు పూర్తిగా కూలి మీదే ఆధారపడుతుంది.

నాలుగో రకం ఊరి ఉమ్మడి నేల. దాని గురించి తర్వాత చెబుతాను, ఎందుకంటే తగాదాలు అక్కడే ఎక్కువ.

కొలతలు కూడా తెలిసి ఉండాలి. పల్లెల్లో ఇప్పటికీ 'ఉబిన్' లెక్క నడుస్తుంది, కొన్నిచోట్ల దాన్నే 'రు' అంటారు. ఒక ఉబిన్ అంటే 3.75 మీటర్ల పొడవు, అంతే వెడల్పు, సుమారు 14 చదరపు మీటర్లు. అయిదు వందల ఉబిన్‌లు ఒక 'బాహు', దాదాపు 7,000 చదరపు మీటర్లు. మన లెక్కలో బాహు అంటే ఒక ఎకరా డెబ్బై అయిదు సెంట్లు కాస్త అటూ ఇటూ. ఒక బాహు సావహ్ ఉన్న రైతు చాలా ఊళ్లలో బాగా ఉన్నవాడి కిందే లెక్క. అర హెక్టారు లోపు సాగు చేసేవాణ్ని 'గురెం' రైతు అంటారు, ఆ మాటకు కోడిపేను అని అర్థం. దేశం మొత్తం మీద అలాంటి కుటుంబాలు 2013 వ్యవసాయ గణనలో సుమారు 1.42 కోట్లు ఉంటే 2023 గణనలో సుమారు 1.69 కోట్లకు చేరాయి.

ఊరి మనిషి అనిపించుకోవాలంటే

పాత జావా పల్లెలో అందరూ సమానం కాదు. సావహ్, పెరడు, ఇల్లు మూడూ ఉన్నవాడు 'కులి కెంచెంగ్', అంటే నిండు ఊరివాడు. కొన్ని జిల్లాల్లో 'గొగొల్' అంటారు. ఇల్లూ పెరడూ ఉండి సావహ్ లేనివాడు అతని కింద. మరొకరి పెరట్లో తన ఇల్లు వేసుకున్నవాడు 'ఇందుంగ్'. మరొకరి ఇంట్లోనే తలదాచుకునేవాడు 'మొందొక్'. ఈ మెట్ల పేర్లు ఊరూరికీ మారతాయి.

నిండు ఊరివాడికి హక్కుతో పాటు బరువు కూడా ఉండేది. రోడ్డు వేయడం, కాలువ పూడిక తీయడం, రాత్రి కాపలా, వలస ప్రభుత్వం అడిగిన వెట్టి, అన్నీ అతని మీదే పడేవి. 1830 నుంచి డచ్చివాళ్లు యొహానెస్ వాన్ డెన్ బాష్ ఆధ్వర్యంలో నిర్బంధ సాగు విధానం తెచ్చారు. ఊళ్లు తమ నేలలో కొంత భాగంలో చెరకు, నీలిమందు వంటి ఎగుమతి పంటలు వేయాలి, శ్రమ కూడా ఇవ్వాలి. ఆ బరువు సావహ్ ఉన్నవాళ్ల మీద పడింది కాబట్టి, చాలా ఊళ్లు సావహ్‌ను ఎక్కువమందికి పంచి బరువును కూడా పంచాయి. కొన్నిచోట్ల ముక్కల్ని ఏటా చేతులు మార్చేవాళ్లు.

ఉమ్మడి భూమి జావావాళ్ల అనాది ఆచారమా, వలస పాలన తెచ్చిన ఒత్తిడి ఫలితమా అన్నది చరిత్రకారుల మధ్య తేలని వాదు. అనాది అనేవాళ్లు అడవి కొట్టి ఊరు కట్టిన మొదటి కుటుంబాలకు ఊరంతటికీ కలిపి ఉండే హక్కును చూపిస్తారు. కాదనేవాళ్లు వెట్టి ఎక్కువగా పడిన జిల్లాల్లోనే ముక్కల మార్పిడి దట్టంగా ఉందంటారు. నాకు రెండో వాదమే బలంగా కనిపిస్తుంది. అయితే అడవి కొట్టినవాడికి ఆ నేల మీద ముందు హక్కు అన్న భావన దానికి చాలా ముందునుంచీ ఉన్నదే.

నేల ఒకరిది, ఇల్లు ఇంకొకరిది

జావా సంప్రదాయపు చెక్క ఇంటిని దగ్గరగా చూస్తే ఈ విడదీత అర్థమవుతుంది. 'జొగ్లొ' రకం ఇంటి నడుమ నాలుగు పెద్ద స్తంభాలు ఉంటాయి, వాటిని 'సొకొ గురు' అంటారు. అవి భూమిలో పాతి ఉండవు, 'ఉంపక్' అనే రాతి పీటల మీద నిలబడి ఉంటాయి. దూలాలు గూడు, నాలుకల కీళ్లతో ఒకదాంట్లో ఒకటి దిగి, చెక్క మేకులతో బిగుస్తాయి. పేదవాళ్ల ఇళ్లలో గోడలు వెదురు తడకలు, 'గెడెక్' అంటారు. కాబట్టి పైకప్పు పెంకులు దించి, వాసాలు విప్పి, దూలాలు ఎత్తి, చివరికి స్తంభాల్ని పీటల మీదనుంచి లేపితే ఇల్లు మొత్తం బండికెక్కుతుంది. పాత టేకు జొగ్లొలను కొని హోటళ్లకు తరలించే వ్యాపారం నడిచేది ఇందువల్లే.

ఇల్లు కదిలే వస్తువైనప్పుడు నేలను అమ్మినా ఇల్లు అమ్మినట్టు కాదు. ఆచార న్యాయంలో దీన్ని అడ్డ విభజన అంటారు: నేల వేరు, నేల మీది కట్టడం వేరు, చెట్టు కూడా వేరు. కొబ్బరిచెట్టును నేలతో సంబంధం లేకుండా తాకట్టు పెట్టిన సందర్భాలు ఉన్నాయి. 1960 సెప్టెంబరు 24న వచ్చిన మూల భూచట్టం తన పునాది ఆచార న్యాయమే అని చెప్పింది కాబట్టి ఈ విభజన ఇప్పటికీ నిలిచింది. భూమి తనఖా మీద 1996లో వచ్చిన చట్టం కూడా, కట్టడాన్ని తనఖాలో చేర్చాలంటే దస్తావేజులో ఆ మాట స్పష్టంగా రాయాలంటుంది.

చిక్కు ఎక్కడంటే ఇటుక, సిమెంటు వచ్చాక. మరొకరి పెరట్లో వెదురు ఇల్లు వేసుకున్నవాడు పొమ్మంటే విప్పుకుని పోయేవాడు. ఇటుక గోడ విప్పలేడు. ఏళ్ల క్రితం నోటిమాటతో ఇచ్చిన జాగాలో ఈ రోజు పక్కా ఇల్లు ఉంటే, నేల యజమాని మనవళ్లకూ ఇంటివాళ్ల మనవళ్లకూ మధ్య పాత మర్యాద ఒక్కటే మిగులుతుంది.

పంట ఎన్ని వాటాలు

నేలను తానే సాగు చేయని యజమాని ముందు మూడు దారులున్నాయి: వాటాకు ఇవ్వడం, డబ్బుకు కౌలుకు ఇవ్వడం, తాకట్టు పెట్టడం.

వాటాలో 'మరొ' అంటే సగం సగం, మన సగం కోరు లాంటిది. 'మెర్తెలు'లో సాగుదారుకు మూడో వంతు. 'మ్రపత్'లో నాలుగో వంతు. నేల కరువైన ఊళ్లలో సాగుదారు వాటా చిక్కిపోతుంది. ఒక లెక్క వేద్దాం. రెండు వందల ఉబిన్‌ల సావహ్, అంటే 2,800 చదరపు మీటర్లు. పంట బాగా వస్తే సుమారు 1,600 కిలోల వడ్లు. కోతకు వచ్చినవాళ్లకు గింజల్లోనే కూలి ఇస్తారు, దాని పేరు 'బవొన్'. ఎనిమిదో వంతు అనుకుంటే 200 కిలోలు పోతాయి. మిగిలిన 1,400లో మరొ అయితే చెరో 700. మెర్తెలు అయితే సాగుదారుకు 467. ఎరువుల ఖర్చు ఎవరు పెట్టారన్నది దీని మీద ఇంకో బేరం. వాటా సాగు ఒప్పందం గ్రామ పెద్ద ఎదుట రాతపూర్వకంగా ఉండాలని, సావహ్‌కు కనీసం మూడేళ్లు, మెట్టకు అయిదేళ్లు ఉండాలని 1960 నాటి రెండో నంబరు చట్టం చెబుతుంది. ఊళ్లలో ఇది నోటిమాటగానే సాగుతుంది. రాత అడిగితే మరో సాగుదారును చూసుకుంటారేమోనని భయం.

తాకట్టు 'అదొల్ సెండె', మన భోగ్యంలాంటిదే. డబ్బిచ్చినవాడు అప్పు తీరేదాకా పొలం దున్నుకుంటాడు, పంటంతా అతనిదే. 1960లోనే 56వ నంబరు చట్టం దీనికి గట్టి పరిమితి పెట్టింది. ఏడేళ్లు దాటితే పైసా ఇవ్వకుండానే పొలం తిరిగి రావాలి. ఏడేళ్లలోపు అయితే సూత్రం ఇది: ఏడున్నర నుంచి గడిచిన ఏళ్లు తీసేసి, ఏడుతో భాగించి, అప్పు మొత్తంతో గుణించాలి. ఒక కోటి 40 లక్షల రుపయా తీసుకుని నాలుగేళ్లు గడిచాయనుకుందాం. ఏడున్నరలోంచి నాలుగు పోతే మూడున్నర, దాన్ని ఏడుతో భాగిస్తే సగం. అంటే 70 లక్షలు కడితే చాలు. అప్పిచ్చినవాడు ఆ నాలుగేళ్లూ పంట తిన్నాడు కదా అన్నది దీని వెనక తర్కం. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, అవసరం వచ్చినప్పుడల్లా అదే పొలం మీద ఇంకాస్త డబ్బు తీసుకుని లెక్కను మొదటికి తెస్తారు. ఏడేళ్లు ఎప్పటికీ నిండవు.

కోత దగ్గర ఇంకో పెద్ద మార్పు వచ్చింది. ఒకప్పుడు వెన్ను వెన్నునూ 'అని-అని' అనే చిన్న చేతి కత్తితో కోసేవాళ్లు, కోతకు ఎవరొచ్చినా కాదనేవాళ్లు కాదు. 1960ల చివర్లో పొట్టి వరి వంగడాలు వచ్చాయి. గింజ త్వరగా రాలుతుంది, కొడవలితో కోయాలి, తక్కువమంది చాలు. అదే సమయంలో 'తెబసన్' పెరిగింది: రైతు నిలబడి ఉన్న పంటను దళారికి అమ్మేస్తాడు, దళారి తన మనుషులతో కోయిస్తాడు. బయటివాళ్లను వద్దని చెప్పే మొహమాటం రైతుకు తప్పింది, కోతలో గింజలు పోగేసుకునే భూమిలేని ఆడవాళ్లకు ఆ దారి మూసుకుపోయింది. మరికొన్ని ఊళ్లలో 'చెబ్లొకన్' వచ్చింది: ముందు కూలి లేకుండా నాట్లు, కలుపు చేసినవాళ్లకే కోతలో వాటా.

ఇక్కడే ఒక పెద్ద వాదన ఉంది. 1950ల్లో తూర్పు జావాలో పనిచేసిన అమెరికన్ మానవశాస్త్రవేత్త క్లిఫర్డ్ గీర్ట్జ్, జావా పల్లె తన పేదరికాన్ని పంచుకుంటూ వచ్చిందని, ప్రతి ముక్కలో మరికొన్ని చేతులకు చోటిచ్చిందని 1963లో వాదించాడు. తర్వాత వచ్చిన బెంజమిన్ వైట్ లాంటివాళ్లు ఒక్కో కుటుంబం రోజుకు ఎన్ని గంటలు ఏ పని చేస్తుందో లెక్కకట్టి, పంచుకోవడం కన్నా అంతరాలే ఎక్కువని, పేద ఇళ్లు తక్కువ రాబడికి ఎక్కువ గంటలు కష్టపడుతున్నాయని చూపారు. గీర్ట్జ్ చూసిన బవొన్, వాటాసాగు నిజంగా ఉన్నవే. కానీ వాటాను ఎవరు నిర్ణయిస్తారన్న ప్రశ్న అడిగితే వైట్ వైపే మొగ్గాలనిపిస్తుంది. ఎకరా ఉన్నవాడు ఇచ్చే వాటా, ఆ ఎకరాలో పనికోసం వచ్చేవాడు పుచ్చుకునే వాటా ఒకే మాటలా వినబడతాయి గానీ ఒకే అధికారం కాదు.

కావడి వాటా, సమాన వాటా

జావాలో ఆస్తి తల్లి వైపునుంచీ తండ్రి వైపునుంచీ వస్తుంది, కూతుళ్లకూ నేల దక్కుతుంది. పెళ్లికి ముందే ఎవరికి వారు తెచ్చుకున్నది 'గవన్'. కాపురంలో ఇద్దరూ కలిసి సంపాదించింది 'గొనొ-గిని'. వాటా లెక్క రెండు ఆచారాల్లో నడుస్తుంది. 'సపికుల్ సగెండొంగన్': కొడుకు భుజాన కావడి మీద రెండు బుట్టలు, కూతురు వీపున ఒక బుట్ట, అంటే రెండుకు ఒకటి. 'దుందుం కుపత్': కొబ్బరాకు బుట్టల్లో ఉడికిన అన్నపు ముద్దల్ని పంచినట్టు అందరికీ సమానం.

ఉదాహరణకు తండ్రి చనిపోయాడు. తల్లి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. తండ్రి గవన్ 200 ఉబిన్‌లు, ఇద్దరి గొనొ-గిని 160, తల్లి గవన్ 40. తల్లి గవన్ జోలికి ఎవరూ పోరు. గొనొ-గినిలో సగం, 80, తల్లిదే. పంచాల్సింది 200కు మిగతా 80 కలిపి 280 ఉబిన్‌లు. 1991లో కోర్టుల కోసం క్రోడీకరించిన ఇస్లామీయ న్యాయం ప్రకారం తల్లికి ఎనిమిదో వంతు, 35. మిగిలిన 245లో కొడుకులకు 98 చొప్పున, కూతురికి 49. కావడి లెక్కలో తల్లిని పక్కన పెట్టి 280ని అయిదు భాగాలు చేస్తే కొడుకులకు 112, కూతురికి 56. అప్పుడు తల్లి బతికినన్నాళ్లూ ఆ పొలం మీద తింటుంది. సమాన వాటాలో ఒక్కొక్కరికి 93 పైచిలుకు.

ఎవరి వాటా ఎంతో ముందు తెలుసుకున్నాక వారసులు రాజీపడి వేరేగా పంచుకోవచ్చని ఆ క్రోడీకరణే అనుమతిస్తుంది. కాబట్టి ఊళ్లో జరిగేది ఎక్కువగా కలగాపులగం. తల్లిదండ్రుల్ని చివరిదాకా చూసుకున్న చిన్న కొడుకో కూతురో ఇల్లూ పెరడూ తీసుకుంటారు. నగరంలో ఉద్యోగమున్నవాళ్లు పొలం వదులుకుని డబ్బు తీసుకుంటారు. చాలామంది తల్లిదండ్రులు బతికుండగానే పంచేస్తారు.

93 ఉబిన్‌లంటే 1,300 చదరపు మీటర్లు, ముప్పై రెండు సెంట్లు. ఒక కారుకు ఏడు క్వింటాళ్ల వడ్లు, దంచితే నాలుగున్నర క్వింటాళ్ల బియ్యం. ఒక కుటుంబం తిండికే అది అంతంతమాత్రం. రైతుకు కనీసం రెండు హెక్టార్లుండాలని 56వ నంబరు చట్టం కోరుకుంది. వారసత్వంలో చీలికను అది ఆపలేదు, ఆపలేదు కాబట్టే ఆ రెండు హెక్టార్లు జావాలో కాగితం మీదే ఉండిపోయాయి. వ్యవసాయ భూమి యజమాని అదే ఉపజిల్లాలోనో పక్కదాంట్లోనో ఉండాలన్న 1961 నాటి నిబంధన కూడా నగరానికి వెళ్లిన వారసుల ముందు అలాగే బలహీనపడింది. పొలం ఊళ్లో ఉన్న తోబుట్టువు పేర నడుస్తుంది, అసలు వాటా ఎవరిదో ఇంటివాళ్లకే తెలుసు.

ఊరి పెద్ద మాన్యం

మన కరణం, మునసబులకు సర్వీసు ఇనాములు ఉండేవి. జావాలో 'బెంగ్కొక్' అదే కోవలోది: పదవిలో ఉన్నంతకాలం గ్రామాధికారులు జీతం బదులు అనుభవించే ఊరి సావహ్. గ్రామ పెద్దకు ఎక్కువ, 'చరిక్' అనే లేఖరికి అంతకన్నా తక్కువ, నీళ్లు పంచే 'ఉలు-ఉలు'కు ఇంకా తక్కువ. యోగ్యకర్త ప్రాంతంలో రిటైరైనవాళ్లకు 'పెంగరెం-అరెం' అనే పింఛను ముక్క కూడా ఉంది. వీటికి తోడు ఊరి ఖజానా భూమి.

2014 గ్రామ చట్టం, దాని కింద వచ్చిన నిబంధన బెంగ్కొక్ రాబడిని ఊరి బడ్జెట్‌లో కలపమన్నాయి. గ్రామాధికారులు గట్టిగా అడ్డు చెప్పారు, 2015 సవరణ ఆ రాబడిని అదనపు భత్యంగా ఉంచుకోనిచ్చింది. 2019లో గ్రామ పెద్దకు కనీస స్థిర జీతం నెలకు 24,26,640 రుపయాగా నిర్ణయించారు. జీతమూ వచ్చి, మాన్యమూ ఉండటం అన్యాయమనేవాళ్లు ఉన్నారు. మంచి సావహ్ ఉన్న ఊళ్లలో మాన్యం లేకపోతే సమర్థులెవరూ పోటీకి రారనేవాళ్లూ ఉన్నారు.

ఎన్నిక ఖర్చు కోసం బెంగ్కొక్‌ను కొన్నేళ్లకు ముందే కౌలుకిచ్చి, పదవి దిగే నాటికి కౌలు మిగిలి ఉండటం అసలు బెడద. 2024 సవరణతో గ్రామ పెద్ద పదవీకాలం ఎనిమిదేళ్లయింది కాబట్టి అలా ముందే అమ్ముకోగల పంటలు కూడా పెరిగాయి. ఊరు పట్టణ వార్డుగా మారితే ఈ నేలంతా ఊరి చేతిలోంచి పైస్థాయి ప్రభుత్వానికి పోతుంది. సర్కారుకు పొలం పోతుందన్న భయానికి ఊళ్లో నిజంగా కనిపించే ఆధారం ఏదైనా ఉంటే అది ఇదే అనుకుంటాను, 'గిరిక్' అనే పాత శిస్తు కాగితం కాదు.

గిరిక్, లెటర్ సి, సర్టిఫికెట్

వలస కాలం నుంచి పల్లె కార్యాలయంలో 'లెటర్ సి' అనే పెద్ద పుస్తకం ఉంటుంది. ఒక్కో పేజీ ఒక్కో మనిషిది: పేరు, నంబరు, ఏ 'పెర్సిల్'లో, అంటే ఏ నేల భాగంలో ఉంది, తరగతి (సావహ్‌కు ఎస్, మెట్టకు డి), విస్తీర్ణం, శిస్తు. చేతులు మారినప్పుడు ఒక వరుస కొట్టేసి పక్కన కారణం, తేదీ రాస్తారు. రైతు చేతికిచ్చే నకలే 'గిరిక్'. ఇది శిస్తు కాగితం, పన్ను ఎవరు కట్టాలో చెబుతుంది. మూల భూచట్టం కింద యాజమాన్యం అంటే 'హక్ మిలిక్', దానికి రుజువు భూ కార్యాలయం ఇచ్చే సర్టిఫికెట్. 96వ అధికరణం తేల్చింది ఇంతే: గడువు తర్వాత గిరిక్ రుజువు కాదు, రిజిస్ట్రేషన్‌లో దారి చూపే సూచన మాత్రమే. పొలం మీద ఉన్నవాడి హక్కు దాంతో రద్దు కాదు. అయితే పోటీ దావా వచ్చిన రోజున గిరిక్ ఒక్కటే ఉన్నవాడు బలహీనంగా నిలబడతాడు.

రిజిస్టరు చేయించాలంటే పొరుగువాళ్ల సమ్మతితో హద్దు కర్రలు పాతాలి, భూ కార్యాలయం కొలవాలి, వివరాలు ప్రకటించి అభ్యంతరాలకు సమయమివ్వాలి. ఊరంతా ఒకేసారి కొలిచే ప్రభుత్వ పథకంలో ఆ ప్రకటన 14 రోజులు. జావా, బాలి ఊళ్లలో సన్నాహక ఖర్చు పేరుతో 1,50,000 రుపయాకు మించి వసూలు చేయకూడదని 2017లో ముగ్గురు మంత్రులు ఉమ్మడిగా నిర్ణయించారు.

పని ఆగేది పేరు దగ్గర. జావా మగవాళ్లు చాలామంది పెళ్లయ్యాక 'జెనెంగ్ తువొ' అనే పెద్ద పేరు పెట్టుకునేవాళ్లు, హజ్ నుంచి వచ్చాక మరోటి. లెటర్ సి లో చిన్నప్పటి పేరు, గుర్తింపు కార్డులో పెద్ద పేరు, సమాధి రాయి మీద హాజీ పేరు. ముగ్గురూ ఒకరేనని గ్రామ పెద్ద ధ్రువీకరించి, సాక్షులు సంతకం పెట్టాలి. తాతను ఎరిగిన సాక్షులు వయసు మీద పడి ఒక్కొక్కరే పోతున్నారు.

రెండో చోటు వారసులు. పంపకం జరగలేదు, కొలిచేవాళ్లు వచ్చారు, అందరి సంతకాలూ దొరకడం కష్టం. ఊళ్లో ఉన్న అన్న ఒక్కడి పేర రాయిద్దామంటారు. లెటర్ సి లో తాత పేరు ఉన్నంతకాలం నలుగురు మనవళ్లకీ తమ వాటా గుర్తుండేది. సర్టిఫికెట్‌లో అన్న పేరు ఒక్కటే ఉంటే బ్యాంకు అతనికే అప్పిస్తుంది, కొనేవాడు అతని దగ్గరే కొంటాడు. సర్టిఫికెట్‌ను వారసులందరి పేర్లతో ఉమ్మడిగా తీసుకోవచ్చు. కొలతకు ముందే వారసత్వ పత్రంలో చెల్లెలి పేరు కూడా చేర్చి సంతకాలు చేయించిన ఇళ్లలో కావడి లెక్కలో వచ్చిన ఆ యాభై ఆరు ఉబిన్‌లు ఆమెవేనని కాగితం మీద కూడా ఉంటుంది.